ఒక జన్యువు, పెక్కు పాఠములు

(యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము మార్కాపురమున చేసిన ఉపన్యాసము)



యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించునపుడు మనవారు సాధారణముగా ఆయన లెడర్లీ పరిశోధనశాలలో నడపిన ఔషధాన్వేషణమును, ఫోలికామ్లమును, క్యాన్సరు వైద్యమున నేటికిని వాడుకలో నున్న మెథోట్రెక్సేటును పేర్కొందురు; అది ఉచితమే. కాని 1929వ సంవత్సరమున హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్‌ ఫిస్కేతో గూడి ఆయన కండరములనుండి వేరుచేసి ప్రకటించిన, కోశములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును, ఇంచుమించు అదే సమయమున జర్మనీలో కార్ల్‌ లోమన్‌ స్వతంత్రముగా కనుగొన్న ఆ పదార్థమునే, నేనీ దినమున ముందు నిలుపుచున్నాను. జన్యువు పలికిన మాటను కోసి కూర్చు యంత్రమును గూర్చి మాటలాడుటకు వచ్చితిని. ఆ యంత్రమును అడుగడుగునను నడపునదియు, తప్పు కూర్పును పట్టి త్రోసివేయునదియు ఏ.టి.పి.యే యగుటచేత, ఈ విషయము ఆయన స్మృతికి దూరము కాదని నా నమ్మకము.

మార్కాపురము పలకల యూరు. ఇచ్చటి గనులనుండి వెడలిన పలకలమీద అక్షరములు దిద్దినవారు దేశమంతట నున్నారు. అట్టి యూరిలో అక్షరముల మాట ఎత్తుటకు సంకోచింపవలసిన పని లేదు. మన దేహమందలి ప్రతికోశముయొక్క కేంద్రకమునందును డి.ఎన్‌.ఏ. అను దీర్ఘసూత్రము కలదనియు, అది నాలుగే నాలుగు రసాయనాక్షరములతో వ్రాయబడినదనియు, అందలి ఒక్కొక్క జన్యువు ఆర్‌.ఎన్‌.ఏ.గా ప్రతిలిఖితమై, ఆ ప్రతి కేంద్రకమును దాటి వెలుపలికి వచ్చి, మూడేసి అక్షరములకు ఒక్కొక్క ఎమినో ఆమ్లము చొప్పున మాంసకృత్తుగా పరిణమించుననియు నేటి పాఠశాల విద్యార్థులు సైతము ఎరుగుదురు. 1977 వరకు శాస్త్రజ్ఞులు దీనికి మరియొక విశ్వాసమును జేర్చుకొని యుండిరి: జన్యువు అవిచ్ఛిన్నమైనదనియు, మొదటి అక్షరమునుండి కడపటి అక్షరమువరకు దానిలో నున్నదంతయు మాంసకృత్తులోనికి వచ్చుననియు వారి తలంపు. బాక్టీరియాల విషయమున అది చాలవరకు నిజమే. మనుష్యుని విషయమున కాదు.

ఆ సంవత్సరమున మసాచుసెట్స్‌ సాంకేతిక విద్యాసంస్థలో ఫిలిప్‌ షార్ప్‌ బృందమును, కోల్డ్‌ స్ప్రింగ్‌ హార్బరులో రిచర్డ్‌ రాబర్ట్స్‌ మున్నగువారును, జలుబు కలిగించు ఎడినోవైరసుయొక్క ఆర్‌.ఎన్‌.ఏ.ను దాని డి.ఎన్‌.ఏ.తో జతపరచి ఎలక్ట్రాన్‌ సూక్ష్మదర్శినిలో చూచిరి. రెండును ఆద్యంతము అంటుకొని యుండవలసినది పోయి, డి.ఎన్‌.ఏ. నడుమ నడుమ జత లేక ఉచ్చులుగా పైకి లేచి కనబడెను. జన్యువులో నున్న ఆ భాగములు కడపటి ఆర్‌.ఎన్‌.ఏ.లో లేవన్నమాట. ఆ ఉచ్చులను కన్నులార చూచి చిత్రించినవారిలో సూజన్‌ బెర్జెట్‌, క్లెయిర్‌ మూర్‌, లూయీజ్‌ చౌ అను స్త్రీలు ముఖ్యులు. 1993లో నోబెల్‌ బహుమతి మాత్రము షార్ప్‌, రాబర్ట్స్‌ ఇరువురికే లభించెను. చౌ భాగమును విస్మరించుట న్యాయము కాదని అప్పుడే కొందరనిరి. నేనును వారి పక్షమువాడనే. 1978లో వాల్టర్‌ గిల్బర్ట్‌ కూర్పులో నిలుచు భాగమునకు ఎక్సాన్‌ అనియు, తొలగిపోవు భాగమునకు ఇంట్రాన్‌ అనియు పేర్లు పెట్టెను. ఇంట్రాన్లను కోసివేసి ఎక్సాన్లను అతుకు ప్రక్రియ స్ప్లైసింగ్‌ అను పేర ప్రసిద్ధమైనది.

నిలుచునది ఎంత, పోవునది ఎంత అని విచారించినచో మతి పోవును. మనుష్యుల ఎక్సాన్‌ సగటున 150 అక్షరములు మాత్రమే. ఇంట్రాన్లు వేలకొలది అక్షరములు. కండరములను నిలబెట్టు డిస్ట్రోఫిన్‌ జన్యువు ఇరువది లక్షలకు మించిన అక్షరముల పొడవు గలది. దానిని ఒక్కసారి ప్రతి వ్రాయుటకే పదునారు గంటలు పట్టును. అందలి 79 ఎక్సాన్లను కూర్చగా మిగులునది సుమారు 14,000 అక్షరములు. కోసివేయు యంత్రమునకు స్ప్లైసియోసోమ్‌ అని పేరు. అయిదు చిన్న ఆర్‌.ఎన్‌.ఏ.లును, నూటికి పైబడిన మాంసకృత్తులును కూడి, ఒక్కొక్క ఇంట్రాన్‌ వద్ద క్రొత్తగా సమావేశమై, పని ముగిసిన వెంటనే విడిపోవుచుండును. ఇంట్రాన్‌ ఆరంభమున జి.యు. అను రెండక్షరములును, అంతమున ఏ.జి. అను రెండక్షరములును ప్రాయికముగా నుండును. యంత్రము మొదటి కొసను కోసి, లోపలనున్న ఒక ఏ అను అక్షరమునకు ముడివేసి, పిదప రెండవ కొసను కోసి ఎక్సాన్లను అతుకును. కోయుటకును అతుకుటకును ప్రత్యేకముగా శక్తి వ్యయము కానక్కరలేదు. కాని ఒక దశనుండి మరియొక దశకు యంత్రము రూపు మార్చుకొనుటకు ఎనిమిది మాంసకృత్తులు ఏ.టి.పి.ని ఖర్చుపెట్టుచుండును. వానిలో కొన్ని, కూర్పు మందకొడిగా సాగినచో అది తప్పు కూర్పని యెంచి, దానిని విడగొట్టివేయును. సుబ్బారావుగారు కండరములలో కనుగొన్నది కేంద్రకములో పరిష్కర్తగా గూడ నియుక్తమై యున్నది.

ఇచ్చట ఒక చిన్న చరిత్ర చెప్పవలసి యున్నది. హ్యూస్టన్‌ నగరమందలి బేలర్‌ వైద్యకళాశాలలో హ్యారిస్‌ బుష్‌ పరిశోధనశాలయందు, ఎలుకల క్యాన్సరు కోశముల కేంద్రకములలో మెండుగా నుండునదియు, పైని చెప్పిన అయిదింటిలో ఒకటియు నగు యు1 అను చిన్న ఆర్‌.ఎన్‌.ఏ.యొక్క అక్షరక్రమమును ఆర్‌. రెడ్డియు సహచరులును 1974లో ప్రకటించిరి. రెడ్డి యను పేరు చూచినంతనే ఉప్పొంగుట మన జాతికి గల బలహీనతలలో ఒకటి. నేను దానికి అతీతుడను కాను. 1974 నాటికి స్ప్లైసింగ్‌ అను ప్రక్రియయే లోకమునకు తెలియదు. కావున ఆ ఆర్‌.ఎన్‌.ఏ. ఎందులకున్నదో చెప్పగలవారు లేరు. క్రమము తరువాత కొన్ని సవరణలు పొందినది. 1980లో జోన్‌ స్టైట్జ్‌ మున్నగువారు, యు1 మొదటి కొసయందలి అక్షరములు ఇంట్రాన్‌ ఆరంభమునందలి అక్షరములకు సరిగా జతపడునని గుర్తించి, కోతస్థానమును కనిపెట్టునది అదియే యని ప్రతిపాదించిరి. ప్రయోజనము తెలియకుండగనే శ్రద్ధగా చేసిన పని ఆరేండ్లు వేచియుండి ఫలించినది. ప్రయోజనము ముందు చెప్పనిదే ధనమీయమను ధోరణి పెరుగుచున్న యీ కాలమున పాలకులకీ వృత్తాంతమును వినిపింపవలె.

ఇప్పుడు ప్రధానవిషయమునకు వచ్చెదను. కోతస్థానములు ఎల్లప్పుడును ఒక్కటే యైనచో స్ప్లైసింగ్‌ ఒక వృథాప్రయాసగనే తోచును. అవి మారగలవు. ఇందుకు సాటి మన సమీపపు సాహిత్యముననే కలదు. నల్లమలకు ఈవల గిద్దలూరు, ఆవల నంద్యాల. 1970 వరకు ఈ రెండును ఒక్క కర్నూలు జిల్లాలోనివే. నంద్యాల రాజుల ఆదరము పొందిన పింగళి సూరన రాఘవపాండవీయమును రచించెను గదా. అందలి పద్యమును ఒకచోట విరిచి చదివినచో రామకథ; అక్షరమైనను మార్పక మరియొకచోట విరిచినచో భారతకథ. సభంగశ్లేష యని ఆలంకారికులు దేనిని పేర్కొనిరో దానిని ప్రకృతి మన ప్రతికోశమునందును నిరంతరము ప్రయోగించుచున్నది. ఒక కోశమున ఒక ఎక్సాన్‌ కూర్పులో చేరును. వేరొక కోశమున అదియే ఇంట్రాన్లతో పాటు త్రోసివేయబడును. పాఠమొక్కటే; విరుపు వేరు. అయితే సూరనకు రెండు కథలతోడనే తృప్తి కలిగెను. పండ్ల ఈగ మెదడునందలి డిస్కామ్‌ అను జన్యువునకు అది చాలలేదు. దానిలో నాలుగుచోట్ల వరుసగా 12, 48, 33, 2 ఎక్సాన్లు ప్రత్యామ్నాయములుగా నిలిచి యుండగా, ఒక్కొక్కచోట ఒక్కటే ఎన్నుకొనబడుటవలన 38,016 రూపములు సంభవములు. వీనిని బట్టియే నాడీతంతువు తనశాఖ యేదో పరశాఖ యేదో గుర్తించుచున్నది.

మన దేహమునందును దృష్టాంతములకు కొదువ లేదు. కంఠగ్రంథియందు కాల్సిటోనిన్‌ అను హార్మోనునిచ్చు జన్యువే నాడీకోశములయందు వేరువిధముగా కూర్పబడి, రక్తనాళములను విప్పార్చు వేరొక పదార్థమునిచ్చునని 1982లో తేలినది. వ్యాధికారకముల నెదుర్చు ప్రతిరక్షకము మొదట కోశముయొక్క పొరకు అంటుకొని యుండి, అవసరము కలిగినపుడు రక్తములోనికి విడుదల యగుట గూడ కొసనున్న ఎక్సాన్ల మార్పిడిచేతనే. మరల ఈగ మాటకు వచ్చినచో, అది మగదియా ఆడదియా యనునది సైతము వరుసగా మూడు జన్యువుల కోతలో తేలుచున్నది.

మానవజన్యుపటము వెలువడినప్పుడు పెక్కండ్రకు అభిమానభంగము కలిగినది. లక్ష జన్యువులుండునని ఎదురుచూచిన మనుష్యునికి తుదకు లెక్కకు వచ్చినవి సుమారు 20,000. మన తర్లుపాడు, పొదిలి చేలలో పెరుగు కందికి, పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్‌ శాస్త్రజ్ఞులు ఇతరదేశీయులతో గూడి 2011లో ప్రకటించిన జన్యుపటము ప్రకారము, 48,680 జన్యువులు. సంఖ్యను బట్టి గొప్పతనమును నిర్ణయించినచో మనము కందిచేనికి నమస్కరించి వెడలవలసి వచ్చును. మనుష్యులలో ఒకటికి మించిన ఎక్సాన్లు గల జన్యువులలో నూటికి తొంబదికి పైగా ఒకటికన్న నెక్కువ విధముల కూర్పబడుచున్నవని 2008లో రెండు బృందములు నిరూపింపగా, మన సంక్లిష్టతయంతయు ఇందే యున్నదని కొందరు ఉత్సాహపడిరి. ఆ ఉత్సాహమున సగము అభిమానరక్షణార్థమని నాకు తోచును. ఆర్‌.ఎన్‌.ఏ.గా కనబడిన ప్రతి రూపమును మాంసకృత్తుగా పరిణమించి ఏదోయొక పని చేయుచున్నదని ఋజువు కాలేదు. వానిలో పెక్కులు యంత్రము చేసిన పొరపాట్లు మాత్రమే కావచ్చునను వాదము బలముగనే యున్నది.

పనికిరాని రూపము సైతము పనికివచ్చు సందర్భమొకటి కలదు. దీనిని సామాన్యగ్రంథములు ఉపేక్షించుచున్నవి. స్ప్లైసింగ్‌ ఏ మాంసకృత్తు పుట్టవలెనో నిర్ణయించుటయే కాక ఎంత పుట్టవలెనో గూడ నిర్ణయించును. అతికిన ప్రతి అతుకువద్దను యంత్రము ఒక గుర్తును విడిచిపోవును. మాంసకృత్తు తయారగునపుడు, చివరి అతుకునకు చాల ముందుగనే విరామాక్షరములు తటస్థించినచో, కోశము ఆ ప్రతిని దోషభూయిష్ఠముగా నెంచి నాశనము చేయును. ఈ ఏర్పాటును కోశము తన అదుపునకు వినియోగించుకొనుచున్నది. కూర్పును శాసించు కొన్ని మాంసకృత్తులు తాము మితిమీరి పెరిగినపుడు, తమ జన్యువుయొక్క ప్రతిలోనే విషతుల్యమైన ఒక ఎక్సాన్‌ను చేర్పించి, ఆ ప్రతిని నాశనమునకు అప్పగించి, తమ సంఖ్యను తామే తగ్గించుకొనును. అధికారమునందున్నవారిలో ఇట్టి ఆత్మనిగ్రహము అరుదు.

మొక్కలలో ఎక్సాన్‌ను దాటవేయుటకన్న ఇంట్రాన్‌ను కోయక నిలుపుకొనుటయే ఎక్కువ. ఎండ, ఉప్పు, నీటికొరత కలిగినపుడు ఈ కూర్పులు వేగముగా మారుచుండును. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున అనిరెడ్డి ఎస్‌.ఎన్‌. రెడ్డిగారు దశాబ్దములుగా ఈ విషయమునే పరిశోధించుచున్నారు. వాన వెనుకాడు మన ప్రాంతమున కందియు సజ్జయు కొర్రయు ఎట్లు తట్టుకొనుచున్నవో తెలియుటకు ఈ మార్గము తోడ్పడవచ్చును.

ఇక రోగమును గూర్చి. మన ప్రాంతపు వైద్యులు ఆరునెలలు దాటిన శిశువు క్రమముగా పాలిపోవుటయు, పొట్ట ఉబ్బి ప్లీహము పెరుగుటయు, ఎంత ఇనుము ఇచ్చినను రక్తము పట్టకపోవుటయు చూచియే యుందురు. అందు కొన్ని తలసీమియా యగును. మూడు నాలుగు వారములకొకసారి రక్తమెక్కించుటయు, ఎక్కించిన రక్తమునందలి ఇనుము గుండెయందును కాలేయమునందును పేరుకొనకుండ దానిని వెడలగొట్టు మందులిచ్చుటయు జీవితాంతము సాగవలె. ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు ఇది ఎంతటి భారమో నేను వర్ణింపనక్కరలేదు.

రక్తమునకు ఎరుపునిచ్చు హిమోగ్లోబినులో బీటా యను గొలుసు 146 ఎమినో ఆమ్లములది. దాని జన్యువు పదునొకండవ క్రోమోసోముమీద మూడు ఎక్సాన్లుగా నున్నది. నడుమ రెండు ఇంట్రాన్లు, మొదటిది 130 అక్షరములది. ఈ మొదటి ఇంట్రాన్‌లో అయిదవ అక్షరము జి. భారతదేశమున తలసీమియాకు అన్నిటికంటె ఎక్కువగా కారణమగు దోషము ఈ జి స్థానమున సి యుండుటయే. తెలుగుదేశమునందును ఇదియే ప్రధానము. గమనింపుడు: ఈ అక్షరము హిమోగ్లోబినులోనికి ఏనాడును రాదు. అది కోసివేయబడు భాగమునందలిది. మాంసకృత్తునందలి ఎమినో ఆమ్లముల క్రమమును మాత్రమే పరీక్షించువానికి ఈ దోషము జాడయైనను కనబడదు.

మరి అపకారమెట్లు కలుగుచున్నది? యు1 వచ్చి జతపడవలసిన అక్షరములలో ఆ జి ఒకటి. అది సి కాగా యు1 పట్టు సడలును. యంత్రము ఊరక నిలువదు. సమీపమున కొంచెము పోలిక గల స్థానములను వెదకికొనును. 1983లో ట్రైస్‌మన్‌, ఆర్కిన్‌, మానియాటిస్‌ అను శాస్త్రజ్ఞులు ఈ జన్యువును వేరుచేసి చూపినదేమనగా, అంతవరకు నిద్రాణములై యున్న మూడు దొంగకోతస్థానములు మేల్కొనునని: ఒకటి ఇంట్రాన్‌ లోపల, రెండు మొదటి ఎక్సాన్‌ లోపల. ఎక్సాన్‌ లోపలి కోతలలో ఒకటి 16 అక్షరములను, మరియొకటి 38 అక్షరములను హరించును. రెండును మూడుచే భాగింపబడని సంఖ్యలు గావున, మూడేసి అక్షరముల లెక్క తప్పి, ఆ తరువాతి పాఠమంతయు అపార్థమగును. సరియైన కోతయు అప్పుడప్పుడు జరుగుచునే యుండును గాని, అది రక్తమును నిలుపుటకు చాలదు. భారతదేశమున సాధారణములైన అయిదు తలసీమియా దోషములలో మరియొకటి, అదే ఇంట్రాన్‌ మొదటి అక్షరము మారుట. అట్టియెడ సరియైన కోత బొత్తిగా లుప్తము. గుండెజబ్బు విషయమునను, 2009లో హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధనమున, హృదయకండరమునకు సంబంధించిన జన్యువుయొక్క ఒక ఇంట్రాన్‌లో 25 అక్షరముల లోపము మనదేశమున నూటికి నలుగురిలో నున్నదనియు, తత్ఫలితముగా ఒక ఎక్సాన్‌ జారిపోవుననియు తేలినది. ఆ దోషమునకు తోడుగా కొందరిలో నున్న వేరొక మార్పే అసలు ముప్పునకు హేతువని 2020 నాటి విమర్శకులు వాదించిరి. ఆశ్చర్యమేమనగా, ఆ మార్పును ఇంట్రాన్‌లోనిదే. ఇంట్రాన్లను చెత్త యన్నవారికి ఇంతకంటె సమాధానము వలదు.

కోత తప్పినచో దానిని సరిదిద్దవచ్చునా? 1993లో డొమిన్‌స్కీ, కోల్‌ అనువారు దొంగకోతస్థానమును కప్పివేయు చిన్న అణుసూత్రముతో పరీక్షనాళికలో సరియైన కూర్పును మరల రప్పించిరి. వారు మొదట చేపట్టినది తలసీమియా జన్యువునే. ఫలము మాత్రము ఇతరులకు దక్కినది. వెన్నెముక నాడులు క్షీణించు శిశువుల రోగమునకు, ఒక ఇంట్రాన్‌ లోపలి స్థానమును కప్పి ఏడవ ఎక్సాన్‌ను నిలుపు నుసినెర్సెన్‌ అను మందు 2016లోను, అదే ఫలితమును నోటిద్వారా నిచ్చు రిస్డిప్లామ్‌ 2020లోను అమెరికాలో అనుమతి పొందినవి. వాని వెలలు మన సామాన్యకుటుంబములకు అందునవి కావు. తలసీమియాకు ఈ మార్గమున మందు నేటికిని వైద్యుల చేతికి రాలేదు.

కాని మందు రాకమునుపే చేయదగిన పని యొకటి కలదు. అది చెప్పుటకే నేనింతదూరము వచ్చితిని. మనదేశమున నూటికి మువ్వురు నలుగురు తలసీమియా దోషమును జన్యువుయొక్క రెండు ప్రతులలో ఒక్కదానియందు మోయుచు ఆరోగ్యముగనే యున్నారు; వీరే వాహకులు. ఇరువురు వాహకులు దంపతులైనచో ప్రతి గర్భమునందును నాలుగింట ఒక పాలు శిశువునకు రోగము సంభవించును. మన ప్రాంతమున మేనరికము నేటికిని పోలేదు. వరుడు వాహకుడైన పక్షమున, వధువు అన్యకుటుంబమునందలిదైనచో ఆమెయు వాహకురాలగుటకు నూటికి మూడు నాలుగు పాళ్లే. మేనమామ బిడ్డయో మేనత్త బిడ్డయో యైనచో ఎనిమిదింట ఒక పాలు. అక్క కూతురైనచో నాలుగింట ఒక పాలు. నేను మేనరికమును నిందించుటకు రాలేదు. లెక్క చెప్పుటకు వచ్చితిని.

వాహకత్వమును తెలుసుకొనుటకు జన్యుపరీక్ష అక్కరలేదు. సాధారణ రక్తపరీక్షలో ఎర్రకణములు చిన్నవిగా నున్నచో, హిమోగ్లోబిన్‌ ఏ2 యెంతయో కొలిపించుట చాలును, 3.5 శాతమునకు మించినచో అనుమానింపవలె. ఇనుము కొరతయున్నచో ఈ సంఖ్య కొంత తగ్గి కనబడవచ్చును గనుక వైద్యులు ఆ జాగ్రత్త వహింపవలె. దంపతులిరువురును వాహకులైనచో, గర్భము మూడవనెలలో హైదరాబాదునందు శిశువు స్థితిని నిర్ధారించు పరీక్ష లభ్యము. 1998లో అచ్చట స్థాపితమైన తలసీమియా, సికిల్‌ సెల్‌ సొసైటీ రోగులకు రక్తమును, సలహాను సమకూర్చుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో తలసీమియా చేరియున్నది. ఆ ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవలసినదని రోగుల కుటుంబములకు తెలియజేయుడు.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల వైద్యులకును, ఉపాధ్యాయులకును, పెండ్లిమాటలు నడపు పెద్దలకును నా ప్రార్థన ఇది: జాతకములు చూపించుటకు ముందో వెనుకో, వధూవరులకు ఈ రక్తపరీక్ష చేయింపుడు, అప్పటికే వివాహమైనవారికి మొదటి గర్భపు మొదటి నెలలలోనే చేయింపుడు.